వంటింట్లో జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్ పదే పదే పడిపోతోందా? ముందు ఎప్పుడు పడిపోతోందో చూడండి

అమెరికా ఇళ్ళల్లో వంటింటి కౌంటర్ మీద అవుట్‌లెట్‌కి మధ్యలో టెస్ట్, రీసెట్ అని రెండు బుల్లి బటన్లు ఉంటాయి కదా, దాన్నే జీఎఫ్‌సీఐ అంటారు, షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసే ఏర్పాటు అది. రైస్ కుక్కరో, గ్రైండరో, టోస్టర్ ఓవెనో పెట్టగానే అది టక్కుమని పడిపోతే, అంటే తనంతట తానే కరెంటు ఆపేస్తే, మనవాళ్ళు చేసే మొదటి పని రీసెట్ నొక్కడం, రెండో పని ఇంకోసారి గట్టిగా నొక్కడం, మూడో పని ఆ కుక్కర్ని మోసుకెళ్ళి హాల్లో మామూలు ప్లగ్గులో పెట్టడం. అక్కడ శుభ్రంగా పనిచేస్తుంది. "చూశావా, కుక్కర్ బానే ఉంది, ఆ అవుట్‌లెట్టే పాడైంది" అని తీర్మానించేస్తారు.

ఆ మూడో పని మాత్రం చేయకండి. హాల్లో పనిచేసిందంటే లీకేజీ (కరెంటు దారి తప్పి బయటికి కారడం) పోయిందని కాదు, అక్కడ పట్టుకునేవాడు లేడని. కరెంటు అక్కడా కారుతూనే ఉంటుంది, అది మీ చేతి మీదుగా కారే రోజు కోసం ఎదురుచూడడమే తేడా.

అసలు ఇది దేనికి పడిపోతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఫేజ్ వైరు (ఇక్కడ హాట్ అంటారు), న్యూట్రల్ వైరు రెండూ దాని లోపల ఒక చిన్న రింగులోంచి వెళ్తాయి. ఫేజ్‌లో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి, కిరాణా కొట్టు చిట్టాలో జమా ఖర్చూ సరిపోయినట్టు. 4 నుంచి 6 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే చాలు, కట్ చేసేస్తుంది. 700 వాట్ల కుక్కర్ దాదాపు 6 ఆంప్స్ లాగుతుంది, అందులో వెయ్యో వంతు కూడా లేని తేడాని ఇది పట్టేస్తుందన్నమాట. దీన్ని 1961లో కనిపెట్టిన చార్లెస్ డాల్జీల్ బర్కిలీలో ప్రొఫెసర్. షాక్ కొట్టినప్పుడు ఎంత కరెంటు వరకూ మనిషి తనంతట తాను చెయ్యి వదిలించుకోగలడు అన్నది ఆయన వలంటీర్ల మీదే పరీక్షించి చూశాడు. ఆ హద్దుకి దిగువన ఉండేలా పెట్టిన అంకె ఈ 4 నుంచి 6, మధ్యస్థంగా 5.

కాబట్టి "లోడ్ ఎక్కువై జీఎఫ్‌సీఐ పడిపోయింది" అనే మాటకి అర్థం లేదు. దానికి లోడ్‌తో సంబంధం లేదు. మైక్రోవేవూ కెటిలూ ఒకే లైన్లో ఒకేసారి వేస్తే పడేది ప్యానెల్‌లో ఉన్న 20 ఆంప్స్ బ్రేకర్. రీసెట్ బటన్ పొంగి బయటికి రాకుండా కరెంటు పోయిందంటే ముందు ప్యానెల్ దగ్గరికి వెళ్ళండి, అది వేరే కథ.

తప్పు అవుట్‌లెట్‌దా, వస్తువుదా?

ఆ లైన్లో ఉన్నవన్నీ పీకేయండి. అన్నీ అంటే అన్నీ, ఎందుకంటే ఒక జీఎఫ్‌సీఐ వెనకాల ఇంకో రెండు మూడు మామూలు అవుట్‌లెట్లు వేలాడుతూ ఉండొచ్చు, పాత ఇళ్ళల్లో అయితే గరాజ్‌లోదో బయట వరండాలోదో కూడా. ఇప్పుడు రీసెట్ నొక్కండి. ఏమీ పెట్టకుండానే పడిపోతుంటే తప్పు అవుట్‌లెట్‌లోనో గోడలో వైరింగ్‌లోనో ఉంది. రీసెట్ అసలు నిలబడకపోతే దానికి కరెంటు వస్తోందో లేదో కూడా చూడండి, అదే లైన్లో దీనికి ముందున్న ఇంకో జీఎఫ్‌సీఐ పడిపోయి ఉంటే ఇది ఎంత నొక్కినా లేవదు. నిలబడితే టెస్ట్ నొక్కి పడుతోందో లేదో చూసి మళ్ళీ లేపండి.

తర్వాత అనుమానం ఉన్న వస్తువుని వేరే సర్క్యూట్‌లో ఉన్న ఇంకో జీఎఫ్‌సీఐలో పెట్టండి. వంటింటి కౌంటర్‌కి కనీసం రెండు 20 ఆంప్స్ సర్క్యూట్లు ఉండాలని ఇక్కడి కోడ్ (ఇళ్ళ వైరింగ్ నియమావళి) చెప్తుంది కాబట్టి సింకుకి అవతలి పక్కది చాలావరకు వేరేదే అయ్యుంటుంది. బ్రేకర్ ఒకటి ఆపి చూస్తే తెలిసిపోతుంది. రెండు చోట్లా పడిపోతే వస్తువుదే తప్పు, ఇంక వాదన లేదు. ఒక్క చోటే పడిపోతే ఆ అవుట్‌లెట్ ముసలిదైనా అయ్యుండాలి, లేదా దాని వెనకాల ఉన్న మిగతావన్నీ తలా కాస్త లీక్ చేస్తూ ఉండాలి.

ఈ తలా కాస్త అనేది చాలామంది పట్టించుకోరు. కొత్త వస్తువు కూడా కొంచెం లీక్ చేస్తుంది, కౌంటర్ మీద పెట్టుకునే చిన్నవాటికి అర మిల్లీ ఆంప్ వరకూ అమెరికా ప్రమాణాల్లోనే అనుమతి ఉంది. ఇండక్షన్ స్టవ్ లాంటి వాటిలో విద్యుత్ గోల (నాయిస్) బయటికి రాకుండా ఫేజ్ నుంచి ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు పెడతారు. 4.7 నానో ఫారడ్‌ది ఒకటి ఉంటే 120 వోల్టుల మీద సుమారు 0.2 మిల్లీ ఆంప్స్ దాని ద్వారానే పోతుంది. అర మిల్లీ ఆంప్ దాకా లీక్ చేసేవి నాలుగైదు ఒకే జీఎఫ్‌సీఐ మీద ఉంటే లెక్క అప్పటికే సగానికి దగ్గరగా ఉంటుంది, ఆపైన కాస్త తడిసిన కుక్కర్ వచ్చి చేరితే ఠపీమని పడుతుంది, నింద మాత్రం కుక్కర్‌కి ఒక్కదానికే.

ఏ క్షణంలో పడిపోయింది?

వస్తువుదే తప్పని తేలాక స్క్రూ డ్రైవర్ తీయకండి. ఎప్పుడు పడిపోతోందో గమనించండి, తప్పు ఎక్కడుందో అదే చెప్తుంది.

స్విచ్ ఆఫ్‌లో ఉండగా ప్లగ్ గుచ్చగానే పడిపోతోందా? అయితే మోటారూ ఎలిమెంటూ కాదు, స్విచ్ కంటే ముందున్నది ఏదో. త్రాడు నలిగి లోపల ఫేజ్ ఎర్త్‌కి తగులుతుండొచ్చు, ముఖ్యంగా త్రాడు బాడీలోకి దూరే చోట, మనం పని అయ్యాక గట్టిగా చుట్టి పెట్టే చోట. లేదా న్యూట్రల్ బాడీకి తగులుతుండొచ్చు. చాలా వస్తువుల్లో స్విచ్ ఫేజ్‌ని మాత్రమే కట్ చేస్తుంది, న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది, అది ఎర్త్‌కి తగిలినా పట్టుకునే ఏర్పాటు జీఎఫ్‌సీఐలో విడిగా ఉంది. అందుకే "ఆఫ్‌లోనే ఉంది కదా, ఎందుకు పడిపోయింది" అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆన్ చేసిన వెంటనే పడిపోతే మోటార్ వైండింగో, ఎలిమెంటో, వాటికి వెళ్ళే వైరో. ఆన్ అయి రెండు మూడు నిమిషాలు బుద్ధిగా పనిచేసి, వేడెక్కాక పడిపోతే దాదాపు ఖాయంగా హీటింగ్ ఎలిమెంట్. ఓవెన్లలో, గ్రిడిళ్ళలో, కెటిళ్ళలో ఉండే గొట్టం లాంటి ఎలిమెంట్‌లో నైక్రోమ్ తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి పైన లోహపు తొడుగు వేస్తారు. ఆ పొడి తడి తగలకుండా ఉన్నంత వరకే ఇన్సులేషన్. చివర్ల దగ్గర సీలు చెడిపోతే గాల్లో తేమని పీల్చుకుంటుంది. సంక్రాంతికి వాడి బేస్‌మెంట్‌లో పడేసిన గ్రిడిల్ మళ్ళీ దసరాకి తీస్తే పడిపోవడానికి ఇదే కారణం కావచ్చు. తొడుగు పగిలితే మాత్రం ఇంక అంతే, మార్చాల్సిందే.

ఆపినప్పుడు పడిపోతోందా? మోటార్ వస్తువుల్లో స్విచ్ ఆపగానే వోల్టేజి ఒక్కసారి ఎగదన్నుతుంది, పాత జీఎఫ్‌సీఐలు దాన్ని చూసి బెదిరిపోతాయి. ఇలాంటప్పుడే "అవుట్‌లెట్ మార్చి చూద్దాం" అనే మాటలో న్యాయం ఉంది.

ఎవరూ ముట్టుకోకుండా రాత్రి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పడిపోతోందంటే ఫ్రిజ్. కొన్ని గంటలకోసారి ఐసు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ ఆన్ అవుతుంది, అది తడిలోనే బతికే వస్తువు, చెడిపోతే సరిగ్గా ఆ సమయానికే పడుతుంది. కోడ్‌లో 1987లో సింకు దగ్గర కౌంటర్ అవుట్‌లెట్లతో మొదలైన ఈ జీఎఫ్‌సీఐ నియమం 1996కి కౌంటర్ అంతటికీ వచ్చింది, 2023 కోడ్‌లో వంటింట్లో ఉన్న అన్ని అవుట్‌లెట్లకీ పాకింది. ఏ రాష్ట్రం ఏ సంవత్సరం కోడ్ వాడుతోందన్నది వేరు వేరు కాబట్టి మీ ఫ్రిజ్ దీని మీద ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఉంటే, ఊరెళ్ళేటప్పుడు ఫ్రీజర్‌లో రొయ్యలు పెట్టి వెళ్తుంటే, పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి వెళ్ళడం మంచిది.

మన వంటిళ్ళలో రైస్ కుక్కర్ గురించి విడిగా చెప్పాలి

లోపలి గిన్నె తీసి చూడండి. కింద అల్యూమినియం ప్లేటు, దాని మధ్యలో స్ప్రింగు మీద కదిలే గుండ్రటి బొత్తాం లాంటిది, అది అన్నం ఉడికిందని కనిపెట్టే థర్మోస్టాట్. బొత్తాం చుట్టూ ఉండే సందులో తెల్లగా అట్ట కట్టిన గంజి కనిపిస్తుందా? పొంగిన గంజి ఆ సందులోంచే కిందికి దిగి ఎలిమెంట్ టెర్మినల్స్ మీద పడుతుంది. ఉత్త అన్నం గంజి ఒక ఎత్తు, పొంగలీ బిసిబేళీ ఇంకో ఎత్తు, ఉప్పు నీళ్ళు కరెంటుని ఇంకా బాగా మోస్తాయి. ఆరిపోయాక ఉప్పు అక్కడే ఉండిపోతుంది, వర్షాకాలం తేమకి మళ్ళీ చెమ్మగిల్లుతుంది, అందుకే "నిన్న పనిచేసింది, ఇవాళ పడిపోతోంది, మళ్ళీ రేపు పనిచేస్తుంది". ఇంకో కారణం మరీ మామూలుది: బియ్యం గిన్నెలోనే కడిగి, అడుగు తుడవకుండా తడితో పెట్టేయడం. ఎవరైనా సాయం చేస్తున్నామనుకుని మొత్తం కుక్కర్ని కుళాయి కింద పెట్టి కడిగేశారా అని కూడా ఇంట్లో నెమ్మదిగా అడగండి, నెమ్మదిగానే.

తడి అనుమానం ఉంటే ప్లగ్ పీకి, గిన్నె తీసి, తలకిందులుగా పెట్టి ఒకటి రెండు రోజులు ఫ్యాన్ గాలికి వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టొచ్చు, ఓవెన్‌లో మాత్రం పెట్టకండి, ప్లాస్టిక్ భాగాలు వంకరపోతాయి. గంజి అట్టని తడి గుడ్డతో తుడిచి, మళ్ళీ ఆరనిచ్చి, అప్పుడు చూడండి.

గ్రైండర్, మిక్సీ సంగతి

వెట్ గ్రైండర్లో దోసెల పిండి అంచుదాకా పోసి రుబ్బితే మధ్య ఇరుసు పక్కనుంచి జారి, బేరింగ్ దాటి మోటార్ మీదికి దిగుతుంది. డ్రమ్ము తీశాక దాని కింద ఎండిన పిండి పెచ్చులు కనిపిస్తే అదే దారి. మిక్సీలో అయితే జార్ అడుగున ఉండే బుష్ అరిగి, పచ్చడి నీళ్ళు కప్లర్ మీదికి కారి లోపలికి పోతాయి. అదీ కాకపోతే కార్బన్ బ్రష్‌ల పొడి. బ్రష్‌లు అరిగిన కొద్దీ రాలే నల్లటి పొడి కరెంటుని మోసేదే, ఏళ్ళ తరబడి పేరుకుపోయి బ్రష్ హోల్డర్ నుంచి బాడీకి దారి వేసేస్తుంది.

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీని స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపేవాళ్ళు ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్ని ఒక్కదాన్నే, మిక్సీ లేకుండా పెట్టి చూడండి. అప్పుడే పడిపోతే మిక్సీని తిట్టి లాభం లేదు, ట్రాన్స్‌ఫార్మర్ సాకెట్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసి ఉండొచ్చు. ఇంకో మెలిక ఉంది. రెండు వైండింగులూ పూర్తిగా విడిగా ఉండే రకం ట్రాన్స్‌ఫార్మర్ అయితే అవతల మిక్సీలో ఏం లీకైనా గోడలో ఉన్న జీఎఫ్‌సీఐకి కనపడదు. పడిపోవడం లేదు కదా అని సంతోషించకండి, అక్కడ మీకు కాపలా లేదు. మన కంపెనీలే ఇక్కడి కోసం 110 వోల్టుల మిక్సీలూ గ్రైండర్లూ అమ్ముతున్నాయి, వాటికి మారిపోవడం నా దృష్టిలో నయం. గ్రైండర్ విషయంలో అయితే మరీను, 50 హెర్ట్జ్‌కి చేసిన ఇండక్షన్ మోటార్ ఇక్కడి 60 హెర్ట్జ్ మీద దాదాపు 20 శాతం వేగంగా తిరిగి బెల్టునీ బేరింగునీ తినేస్తుంది.

రెండు పిన్నుల ప్లాస్టిక్ బాడీ బ్లెండర్ పడేస్తుంటే కొంచెం ఆలోచించాలి. దానికి ఎర్త్ వైరే లేదు, కరెంటు బయటికి పోవాలంటే తడి కౌంటరో, స్టీలు సింకో, మనిషి చెయ్యో కావాలి. తడేమీ లేని చోట, ఎవరూ తాకకుండా కూడా పడిపోతుంటే అవుట్‌లెట్‌ని అనుమానించండి. మీరు తాకినప్పుడే పడిపోతుంటే ఆ బ్లెండర్‌ని ఇంక ముట్టుకోవద్దు.

మల్టీమీటర్ ఉంటే

ప్లగ్ పూర్తిగా బయటికి తీసి, మీటర్‌ని ఓమ్స్‌లో అన్నిటికంటే పెద్ద రేంజ్ మీద పెట్టండి. వస్తువు స్విచ్ ఆన్ స్థానంలో ఉండాలి, కుక్కర్ అయితే గిన్నె పెట్టి మీట కిందికి నొక్కి. ఒక ప్రోబ్ ప్లగ్ గుండ్రటి ఎర్త్ పిన్ను మీద, రెండోది చదునైన పిన్నుల మీద ఒకదాని తర్వాత ఒకటి. ఓఎల్ (కొలతకి అందనంత ఎక్కువ) అని చూపిస్తే, లేదా ఎన్నో మెగా ఓమ్స్ చూపిస్తే బాగున్నట్టే. 120 వోల్టుల్ని 5 మిల్లీ ఆంప్స్‌తో భాగిస్తే 24 వేల ఓమ్స్ వస్తుంది, అంతకంటే తక్కువ కనిపించిందంటే అది దాదాపు ఖాయంగా పడిపోతుంది. లక్షల్లో అటూ ఇటూ ఊగుతుంటే తడి.

ఇంకో కొలత మర్చిపోకండి: గుండ్రటి పిన్ను నుంచి వస్తువు లోహపు బాడీకి, రేంజ్ తగ్గించి. ఇక్కడ దాదాపు సున్నా రావాలి. ఓఎల్ వస్తే ఎర్త్ వైరు లోపల తెగిపోయింది, ఇది లీకేజీ కంటే చెడ్డది, ఎందుకంటే బాడీలోకి కరెంటు వచ్చినా ఎవరో ముట్టుకునేదాకా జీఎఫ్‌సీఐకి తెలీదు.

మీటర్ అంతా బాగుందని చెప్పినా వేడెక్కాక పడిపోతుంటే మీటర్ మాట నమ్మొద్దు. అది కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది, చల్లగా ఉన్నప్పుడు కొలుస్తుంది. రిపేరు షాపుల్లో 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూస్తారు, అందులో దొరుకుతుంది. టచ్ బటన్లు ఉండే కుక్కర్లలో రిలే (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు నడిపే స్విచ్) ఆఫ్‌లో ఉండడం వల్ల ఎలిమెంట్ మీటర్‌కి అందకపోవచ్చు, అదీ గుర్తుంచుకోండి. మైక్రోవేవ్ మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్ ప్రాణం తీసేంత చార్జ్ పట్టుకుని ఉంటుంది.

అవుట్‌లెట్ మార్చాల్సి వస్తే

అద్దె అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్‌కి రిక్వెస్ట్ పెట్టండి, అది వాళ్ళ పని, డబ్బులు మీరు పెట్టొద్దు. సొంత ఇల్లయితే, చేతనైనవాళ్ళు బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకుని మొదలుపెట్టండి. వెనకాల లైన్, లోడ్ అని రెండు జతల స్క్రూలుంటాయి. ప్యానెల్ నుంచి వచ్చే వైర్లు లైన్‌కి, ముందుకెళ్ళే అవుట్‌లెట్లవి లోడ్‌కి. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఏవి ఏవో తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. 2015 తర్వాత తయారైనవి తమను తామే పరీక్షించుకుంటాయి, అయినా నెలకోసారి టెస్ట్ నొక్కమనే కంపెనీలు చెప్తాయి. టెస్ట్ నొక్కినా పడిపోని జీఎఫ్‌సీఐ ఉన్నా లేనట్టే, ఆ రోజే మార్చండి.

మూడు పిన్నుల్ని రెండు పిన్నులు చేసే అడాప్టర్ పెట్టడం, ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, "ఇదొక్కటీ మామూలుది పెట్టేద్దాం" అని జీఎఫ్‌సీఐ తీసేయడం, ఇవన్నీ అవుట్‌లెట్ నోరు నొక్కడమే.

ఇండియాలో అమ్మావాళ్ళింట్లో ఇదే సమస్య వస్తే అక్కడ ప్లగ్గులో కాదు, బోర్డులో ఉన్న ఆర్‌సీసీబీ (లీకేజీని పట్టుకునే స్విచ్) పడిపోతుంది, చాలామంది ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. ఇళ్ళల్లో వాడేది సాధారణంగా 30 మిల్లీ ఆంప్స్‌ది, కాబట్టి అక్కడ గమ్మున ఉండే లీకేజీ ఇక్కడ పడిపోవచ్చు. చాలా ఇళ్ళల్లో ఇల్లంతటికీ ఒకటే ఉంటుంది, ఒక్క గీజర్ వల్ల ఇల్లంతా చీకటి. ఫోన్లో చెప్పాల్సింది ఇంతే: ఎంసీబీలన్నీ (ఒక్కో లైన్‌కి ఉండే బ్రేకర్లు) దించి, ఆర్‌సీసీబీ లేపి, ఒక్కొక్క ఎంసీబీ లేపుతూ రమ్మనండి, ఏది లేపినప్పుడు పడిపోతే ఆ లైన్లో ప్లగ్గులన్నీ పీకి మళ్ళీ చూడమనండి. ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే కట్ చేసే రకమైతే, న్యూట్రల్ తప్పు ఎంసీబీ దించినా దొరక్కపోవచ్చు, అప్పుడు ప్లగ్గులు పీకడమే దారి.

కొత్తది కొనాలా, బాగుచేయించాలా అంటే, మామూలు మీట కుక్కర్‌లో ఎలిమెంట్ పోతే ఇక్కడి రిపేరు కూలీకే కొత్తది వస్తుంది, పారేయండి. త్రాడు పోయినా, బ్రష్‌ల పొడి పేరుకున్నా, జార్ బుష్ అరిగినా బాగుచేయించుకోవచ్చు. గ్రైండర్ మోటార్ మీద పిండి పడితే ముందు ఆరబెట్టి, శుభ్రం చేసి, మీటర్ పెట్టి చూశాకే దాని రాత తేల్చండి.